కారెక్కి వెళ్లిపోయిన పైడమ్మ

బిలాస్‌పూర్ రైల్వే తెలుగువాళ్లలో చాలా ఏళ్ల పాటు కారున్న కుటుంబం ఒక్కటే. ఆ కారు ఎక్కడికీ వెళ్లిన దాఖలా లేదు. దానికి పెట్రోలు పోసిన పాపాన ఎవరూ పోలేదు. అయినా సైకిళ్ల మీద డ్యూటీకి పోయే జనం మధ్య ఆ కుటుంబానికి 'కారోళ్లు' అన్న పేరు స్థిరపడింది. కారు వాళ్ల గోడకి వేలాడుతూ ఉండేది.

ఆ గోడకీ కారుకీ ప్రస్తుత వారసుడు త్రినాథరావు. లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేరి, అదే షెడ్‌లో రిటైరై, ఇప్పుడు డెబ్భై దాటి, మనవరాలు తనూజ చేత తెలుగులో మాట్లాడించడమనే రెండో ఉద్యోగంలో ఉన్నాడు. కొడుకు సిర్గిట్టిలో చిన్న వర్క్‌షాపు నడుపుతాడు. ఆ కొడుక్కి నిజంగానే ఒక కారుంది. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

పటంలో ఉన్న కారు సంగతి వేరు. నలుపు తెలుపుల ఫోటో. పక్కవాటుగా నిలిపిన కారు, ముందు కిటికీలో త్రినాథరావు తండ్రి అప్పలకొండ, ఆవిరి ఇంజను నడిపే మనిషి లాగే స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. వెనక కిటికీలో ఒక యువతి. ఇద్దరికీ నల్ల కళ్లద్దాలు. కింది భాగంలో అడ్డంగా ఒక అట్టముక్క అంటించి ఉంది. దాని మీద తెల్ల పెయింటుతో 'కీర్తిశేషురాలు పైడమ్మ' అని త్రినాథరావు తన మొదటి జీతంతో రాయించాడు.

పైడమ్మ అతని తల్లి. ముత్తైదువుగా పోయిన ఆడదాన్ని పేరంటాలని కొలవడం శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చిన వాళ్లకి కొత్త కాదు. అలాంటి పేరంటాళ్లు బిలాస్‌పూర్‌లో ఇంటికొకరు ఉన్నారు. కాని నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మోటారు కార్లో కూర్చుని పసుపు కుంకాలు అందుకున్న పేరంటాలు మాత్రం ఆగ్నేయ రైల్వే మొత్తం మీద ఈమె ఒక్కతే అయివుండాలి.

ఆ కారు వల్ల కుటుంబానికి జరిగిన మేలు తక్కువేమీ కాదు. త్రినాథరావుకి పిల్లనివ్వడానికి పలాస నుంచి వచ్చిన పెద్దమనిషి పటం వంక చాలాసేపు చూసి, కారు ఎక్కడుందని అడిగాడట. అప్పలకొండ ఇంజన్ల హోరులో సగం చెవుడు తెచ్చుకున్నవాడు, మాట పొదుపు. "షెడ్‌లో ఉంది" అన్నాడు. సంబంధం ఖాయమైంది.

పైడమ్మ కాన్పులో పోయేనాటికి త్రినాథరావుకి మూడేళ్లు. అది పంతొమ్మిది వందల యాభై ఐదు. పిల్లవాణ్ణి మందసలో ఉన్న నాయనమ్మ దగ్గర వదిలారు. అమ్మేదని వాడు అడిగినప్పుడల్లా ఆవిడ, "కారెక్కి ఎల్పోయింది నాయనా" అనేది. రైలెక్కిందని అననందుకు ఆ ముసలమ్మ తెలివికి దండం పెట్టాలి. రైళ్లు తిరిగొస్తాయి. అలా అని ఉంటే పిల్లవాడు రోజూ స్టేషనుకి పోయి నిలబడేవాడు. కారంటే ఆ వీధిలోకి ఎప్పుడూ వచ్చింది లేదు గనక, ఎదురు చూడ్డానికి చోటే లేదు.

వాడికి పదేళ్లప్పుడు నాయనమ్మ పోయింది. అప్పలకొండ వచ్చి కొడుకుని బిలాస్‌పూర్ తీసుకొచ్చాడు. అంతకు ఏడాది ముందే అతను రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆమె పేరు అప్పయమ్మ. పైడమ్మకి దూరపు చెల్లెలు వరస. పిల్లవాడు ఆమెను అంతవరకూ చూడలేదు. క్వార్టరు గుమ్మంలో నిలబడి, కొత్త మనిషిని చూడకుండా తలెత్తి గోడ వైపు చూశాడు. గోడ మీద కారు. కార్లో ఆడమనిషి.

"మా అమ్మ! కారెక్కిన అమ్మ!" అని కేక పెట్టాడు.

అన్నం పళ్లెం పట్టుకుని వచ్చిన అప్పయమ్మ ఒకసారి పటం వంకా, ఒకసారి వాడి వంకా చూసి, "ఔను బాబూ. మీ అమ్మే" అంది.

త్రినాథరావు జీవితంలో తల్లి దొరికిన రోజు అది. ఆ తర్వాత అరవై ఏళ్లు అప్పయమ్మ అతనికి వండిపెట్టింది, పుస్తకాలకి మైదా ఉడకబెట్టి అట్టలేసింది, పెళ్లి చేసింది, మనవల్ని ఎత్తింది. ఆమెకి పిల్లలు కలగలేదు. అతను ఆమెని ఏనాడూ చిన్నచూపు చూడలేదు, ఒక్క మాట తూలలేదు. 'పిన్నీ' అన్నాడు, ఆఖరి దాకా 'పిన్నీ' అనే అన్నాడు. అమ్మ గోడ మీద ఉండగా మరొకర్ని అమ్మా అనడం అతని లెక్కలో దొంగ టిక్కెట్టు లాంటిది.

ఆచారం ప్రకారం రెండో భార్య పండక్కి కొత్త చీర నేరుగా కట్టుకోకూడదు. ముందు మొదటామె పటం దగ్గర పెట్టి, పసుపు కుంకాలు ఇచ్చి, అడిగి కట్టుకోవాలి. అప్పయమ్మ ప్రతి పండక్కీ చీర పటం ముందు పెట్టేది. "అక్కా, కట్టుకుంటానే" అనేది. కాసేపు ఆగేది. త్రినాథరావు పక్కన నిలబడి ఆ లాంఛనం సక్రమంగా జరిగిందో లేదో పర్యవేక్షించేవాడు. అతనికి పదహారేళ్లప్పుడు ఒక దసరా నాడు ఆమె పని తొందరలో మరిచిపోయి చీర కట్టేసుకుంది. కుర్రవాడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆమె లోపలికి వెళ్లి, చీర విప్పి, మడత పెట్టి, పటం ముందు పెట్టి, పాత చీరతో నిలబడి, "అక్కా, తప్పయిపోనాది" అని లెంపలేసుకుంది. అప్పుడు అతను అన్నం తిన్నాడు.

అప్పయమ్మ పోయి నాలుగేళ్లవుతోంది. పెద్దకర్మ నాడు పురోహితుడు పటం అడిగితే ఇంట్లో లేదు. ఎప్పుడు ఫోటో తీస్తామన్నా, "ఇంట్లో ఒక ఆడమనిషి పటం ఉంది కదేటి, చాల్లే" అని కొంగు అడ్డం పెట్టుకునేది. ఆధార్ కార్డులో ఒకటుంది. అందులో దేశప్రజలందరి లాగే ఆమె కూడా పోలీసులు వెతుకుతున్న మనిషి లాగుంది. దాన్ని పెద్దది చేయిస్తే శాంతికి బదులు భయం కలుగుతుందని మానుకున్నారు.

ఈ ఏడాది త్రినాథరావు కంటికి గ్లకోమా అన్నారు. కుడికన్ను ఇప్పటికే సెలవు పుచ్చుకుంది. ఎడమది ఎన్నాళ్లుంటుందో డాక్టరు చెప్పలేదు, ఇతను అడగలేదు. అడగకుండా ఒక నిర్ణయానికి వచ్చాడు. చూపుండగా అమ్మని రంగుల్లో, గోడంత పెద్దగా, ఒకసారి చూడాలి.

"తాతా, అదంతా ఇప్పుడు ఈజీ" అంది తనూజ. నెహ్రూ నగర్‌లో సాహూ అనే అతనికి డిజిటల్ స్టూడియో ఉంది. పాత ఫోటోలకి కంప్యూటర్లో రంగులద్దుతాడు. పని మీద గౌరవం ఉన్నవాడు. రంగులు తనకు తోచినట్టు వెయ్యనన్నాడు.

"గాడీ కా కలర్ ఏటని అడుగుతున్నాడు తాతా. చీర రంగు కూడా."

మూడేళ్ల వయసులో చూసిన అమ్మ చీర రంగు ఎవరికి గుర్తుంటుంది? కారు రంగయితే, కారు పేరు తెలిస్తే, ఆ కంపెనీ ఏ రంగులు వేసేదో కనుక్కోవచ్చని సాహూయే సలహా ఇచ్చాడు. ఆ కారు పేరు ఈ అరవై ఏళ్లలో ఎవరూ కనుక్కోలేదు. దేవుడి వాహనం నెమలా ఎలకా అని చూస్తాం గాని, ఏ జాతి ఎలక అని ఎవరు చూస్తారు?

తనూజ గోడ మీది పటాన్ని ఫోన్లో ఫోటో తీసి, పాత కార్ల పిచ్చివాళ్లు వేలల్లో ఉన్న ఒక గుంపులో పెట్టింది. ఒకడు మోరిస్ అన్నాడు. ఒకడు ఫియట్ అన్నాడు. ఇద్దరూ పరస్పరం వంశాలు తవ్వుకున్నారు. రెండ్రోజుల తర్వాత కలకత్తా నుంచి ఒక ముసలాయన నిదానంగా రాశాడు. ఇది హెరాల్డ్. ఆ రెండే తలుపులూ, వెనక తోక దగ్గర ఆ కోసుగా లేచిన అంచూ నేను పొరబడలేను, నా పెళ్లి ఊరేగింపు అలాంటి దాంట్లోనే జరిగింది. యాభై తొమ్మిదికి ముందు ఈ మోడలు లోకంలో ఎక్కడా లేదు. మన దేశంలో, మద్రాసులో, అరవై ఒకటి నుంచి చేశారు. రంగు చెప్పాలంటే మాత్రం చక్రాలు పూర్తిగా కనపడే ఫోటో పంపండి.

తనూజ చదివి వినిపించింది. త్రినాథరావు మళ్లీ చదవమన్నాడు.

"యాభై ఐదులో పోయిన మనిషి అరవై ఒకటో సంవత్సరం కారు ఎలగెక్కుద్ది?"

ఈ ప్రశ్న అతను వేసింది పక్కింటి తిరుమలరావుని. తిరుమలరావు గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. రోజూ మూడింటికి టీకి వస్తాడు, కారు మీద ఒక సెటైరు వేసి పోతాడు.

"పైన ముందే డెలివరీ ఇచ్చుంటార్రా" అన్నాడు తిరుమలరావు. "మీ వంశానికి అన్నీ అడ్వాన్సు బుకింగే కదా."

"ఎకసెక్కం ఆపు బావా. ఆ కలకత్తావోడికి కళ్లు సరిగ్గా నేవు. చక్రాలు సూపించమన్నాడు కదా, సూపిద్దాం. అవి ఆ అట్ట కిందే ఉంటాయి. అవి సూస్తే ఎవడి సంవత్సరం ఏటో తేలిపోద్ది."

పటాన్ని కిందికి దింపారు. అరవై ఏళ్లలో అది గోడ దిగింది సున్నాలకీ, ఇల్లు మారినప్పుడూ, పేరు రాయించినప్పుడూ మాత్రమే. వెనక మేకులు ఫిట్టరు చేత్తో ఒక్కొక్కటీ పట్టకారుతో లాగాడు. అద్దం తీశాడు. ఫోటోకి అంటిన అట్టముక్క ఎండిన మైదా పిండితో పట్టుకుని ఉంది. తడిగుడ్డతో నెమ్మదిగా అద్ది, అంచు లేపాడు. ఆ అట్టని పేరు రాసినవాడు అంటించలేదు. అంతకు ముందు నుంచే ఉంది. పాత క్యాలెండరు అట్ట, కత్తెరతో కోణంగా కోసి, మూలలు గుండ్రంగా చేసి ఉంది.

అట్ట ఊడొచ్చింది.

తనూజ ముందు చూసింది. చేత్తో నోరు మూసుకుంది గాని నవ్వు ఆగలేదు. తిరుమలరావు కళ్లజోడు సరిచేసుకుని వంగి చూసి, కుర్చీలో వెనక్కి పడిపోయి, కళ్ల వెంట నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

కారు కింద నాలుగు కాళ్లున్నాయి.

చక్రాలు సగానికే ఆగిపోయాయి. కారు కింది అంచు రంపంతో కోసిన పలక. మేళాలో ఫోటోల వాడు పెట్టే ప్లైవుడ్ కారది. ముందు వైపే ఉంటుంది, వెనక ఒక ఉత్తుత్తి స్టీరింగు తప్ప ఏమీ ఉండదు. మనుషులు వెనక నిలబడి కిటికీల్లోంచి తలలు పెడతారు. ముందు కిటికీ కింద అప్పలకొండ డ్యూటీ బూట్లు. వెనక కిటికీ కింద రెండు చెప్పుల్లేని పాదాలు. చెప్పులు పక్కనే, జతగా, బుద్ధిగా విప్పి ఉన్నాయి. పలక కారైనా సరే, ఎక్కేముందు చెప్పులు విప్పి ఎక్కింది ఆ ఇల్లాలు.

"ఓరి నీ కారు బంగారంగానూ! ఇది రతన్‌పూర్ మేళా కారురా!" అన్నాడు తిరుమలరావు. "మా అయ్య కూడా దీంట్లో దిగినాడు! అప్పలకొండ మావ షెడ్‌లో ఉందంటే ఏ షెడ్డో అనుకున్నాను. కాళ్లున్న కారు, పెట్రోలు ఖర్చు నేదు, పకోడీలు పెడితే సాలు..."

"దాదూ, చుప్" అంది తనూజ.

త్రినాథరావు నవ్వడం లేదు. కోపంగా కూడా లేడు. భూతద్దం తెచ్చుకుని, ఉన్న ఒక్క కన్నుని దానికి ఆనించి, ఫోటో మీదకి వంగిపోయాడు. అతను చూస్తున్నది కారుని కాదు. వెనక కిటికీ కింద, ఎడమ పాదం. రెండో వేలు నేలని తాకకుండా వంకర తిరిగి బొటనవేలి మీదకి ఎక్కి ఉంది. మట్టె దాని పక్క వేలికి ఉంది.

ఆ వేలు అతనికి తెలుసు. ఆమె పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక ఆ వేలి గోరు బొటనవేలిలో దిగి పుండు పడకుండా, ప్రతి ఆదివారం స్నానం చేయించాక, తనే కోసేవాడు. "ఆ వేలు పుట్టుకతోనే పొగరుమోతుది బాబూ, మెల్లగా" అనేది ఆమె.

"తాతా, క్యా హువా?"

"అప్పయమ్మ కాలిది" అన్నాడు.

ఆమె పేరు అతని నోట రావడం అదే మొదలు. తిరుమలరావు నవ్వు మధ్యలో ఆగిపోయింది. అతనూ భూతద్దం తీసుకుని చూశాడు. చాలాసేపు చూసి బల్ల మీద పెట్టేశాడు.

"నువ్వు రాకముందు ఏడాదే పెళ్లయింది కదా వాళ్లకి" అన్నాడు. "కొత్త పెళ్లాన్ని మేళాకి తీసుకెళ్లుంటాడు మావ."

"నాతో ఔనంది బావా. మీ అమ్మే అంది."

"పదేళ్ల గుంటడు గుమ్మంలో నిలబడి అమ్మా అని అరిస్తే, కాదురా అది నేను అని ఎలగంటాదిరా మనిషి?"

"తర్వాతైనా చెప్పొచ్చు కదా!"

"ఎప్పుడు చెప్పమంటావు? దండేసిన్నాడా? జీతం డబ్బుల్తో పేరు రాయించిన్నాడా?"

త్రినాథరావు ఊడొచ్చిన అట్టముక్కని అటూ ఇటూ తిప్పుతున్నాడు. వెనక మైదా పిండి ఆరి పొలుసులుగా రాలుతోంది. ఆ ఇంట్లో మైదా ఉడకబెట్టేది ఒక్కరే. అతని పుస్తకాల అట్టలకి కూడా మూలలు అలాగే గుండ్రంగా కోసేది, చిరగవని. వాడు చదువుకునే పిల్లాడు, ఎప్పుడో ఒకనాడు కిందికి చూస్తాడు, వేలు గుర్తుపడతాడు అనుకుంది కాబోలు. వాడి కంట పడకూడదని అట్ట అంటించేసింది. ఆ తర్వాత తన పటానికి తనే బొట్టు పెట్టింది. ముత్తైదువ బతికుండగా ఆమె పటానికి దండ వెయ్యడం మహా అరిష్టం అంటారు. ఆ అరిష్టాన్ని రోజూ పొద్దున్నే తన చేత్తో తనే వేసుకుంది. తన చీర తను కట్టుకోవడానికి తన అనుమతి తను అడిగి, పక్కన నిలబడ్డ పిల్లవాడు సరేననే దాకా ఆగింది. ఆ దసరా నాడు లెంపలు ఎవరి ముందు వేసుకుందో అతను ఇప్పుడు చూస్తున్నాడు.

పైడమ్మ ఎలా ఉండేదో ఇక తెలిసే దారి లేదు. ఆమెని ఎవరూ ఫోటో తీయలేదు. తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇన్నేళ్లూ తను పోలికలు వెతుక్కుని, తన గడ్డం అమ్మదే అని కొడుక్కి చెప్పి, కొడుకు గడ్డం నాయనమ్మదే అని మనవరాలికి చెప్పి, తరాల తరబడి పంచిపెట్టిన ఆ గడ్డం ఎవరిదీ కాదు.

ఆ రాత్రి అతను గోడ మీద ఖాళీ చోటు చూస్తూ కూర్చున్నాడని తనూజ అంది. మర్నాడు పొద్దున్న పెట్టె తీసి ఒక పాత బొంత బయటికి లాగాడు. చిన్నప్పుడు అతను పడుకున్న బొంత. అప్పయమ్మ కుట్టింది. పైన రకరకాల ముక్కలు, అడుగున మాత్రం ఒకే చీర, గళ్ల చీర, రుద్రాక్ష అంచు. అతను దాన్ని బల్ల మీద పరిచి, పక్కన ఫోటో పెట్టాడు. అవే గళ్లు, అదే అంచు. మేళాకి కట్టుకెళ్లిన పెళ్లినాటి చీర, పిల్లవాడు వచ్చిన చలికాలమే కోసి, వాడి కిందికి వేసింది.

బొంత చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని, తనూజని తీసుకుని నెహ్రూ నగర్ వెళ్లాడు.

సాహూ ఫోటోని తెర మీద పెద్దది చేశాడు. కాళ్లు చూశాడు, చెప్పులు చూశాడు, మర్యాదస్తుడు కాబట్టి నవ్వలేదు. పైగా ధైర్యం చెప్పాడు.

"ఫికర్ మత్ కరో అంకుల్. ఈ కాళ్లు తీసేస్తాను, రెండు నిమిషాల పని. అసలు హెరాల్డ్ చక్రాలే పెడతాను, కింద రోడ్డు వేస్తాను. ఎవరొచ్చి చూసినా మీ కారే అంటారు. కావాలంటే నల్ల అద్దాలు కూడా తీసేసి కళ్లు పెట్టగలను."

"కళ్లు వద్దు బాబూ. ఆ కళ్లు నాకు తెల్సు."

త్రినాథరావు బొంత విప్పి, తిరగేసి, అడుగు వైపు చూపించాడు. ఆకుపచ్చ. ఉతికి ఉతికి లేతబడ్డా, కుట్టు మడతల్లో ఇంకా అసలు రంగు దాక్కుని ఉంది.

"చీర రంగు ఇది. మడతలో ఉన్న రంగు వెయ్యి, పైది కాదు."

"బహుత్ బఢియా. మరి గాడీ?"

"నీ ఇష్టం."

"కింద పేరు రాయాలా? పాత దాంట్లో ఉందిగా."

త్రినాథరావు తల అడ్డంగా ఊపాడు. సాహూ తెర మీద కాళ్ల చుట్టూ గీత గీసి, తీసెయ్యడానికి సిద్ధంగా చెయ్యి మౌసు మీద పెట్టాడు. ముసలాయన ముందుకు వంగి, ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"కారు కావాలంటే తీసెయ్యి" అన్నాడు. "కాళ్లు ఉంచు. చెప్పులు కూడా."